ఆవిన్ పాలు: బడికెళ్ళే పిల్లలకు ఏ రంగు ప్యాకెట్?

అమెరికా బడుల్లో హోల్ మిల్క్ మీద ఉన్న ఆంక్షను 2026 జనవరిలో ఎత్తేశారు. ఆ వార్త చెన్నైలోని తెలుగు ఇళ్ళకు చేరేసరికి "పిల్లలకు చిక్కటి పాలే మంచివని అమెరికా కూడా ఒప్పుకుంది, ఇక నారింజ ప్యాకెట్టే కొనండి" అన్న రూపం ఎత్తింది. ఫార్వర్డ్ చేసేముందు ఒక్క అంకె చూసుకుని ఉంటే బాగుండేది. అమెరికాలో హోల్ మిల్క్ అంటే 3.25 శాతం కొవ్వున్న పాలు. తమిళనాడు సహకార డెయిరీ అయిన మన ఆవిన్ నీలం ప్యాకెట్‌లో ఉండేది 3 శాతం. పదమూడేళ్ళకు పైగా అక్కడి బడి భోజనంలోకి రానివ్వని పాలూ, ఇక్కడ మనం "నీళ్ళపాలు" అని ముఖం చిట్లించే నీలం ప్యాకెట్టూ దాదాపు ఒకటే. నారింజలో ఉన్నది 6 శాతం. ఆ చిక్కదనం గురించి అక్కడ ఎవరూ వాదించుకోలేదు, ఎందుకంటే అక్కడి బడి పాలలో అలాంటిది ఎప్పుడూ లేదు.

కాబట్టి ఆవిన్ ప్యాకెట్లను కాఫీ చిక్కదనంతోనో పెరుగు గట్టిదనంతోనో కాకుండా, బడికెళ్ళే పిల్లల గ్లాసు వైపు నుంచి ఒకసారి చూద్దాం.

రంగుల లెక్క ఇదీ. నీలం టోన్డ్ పాలు: కొవ్వు 3 శాతం, కొవ్వు కాని ఘనపదార్థం 8.5 శాతం. ఆకుపచ్చ స్టాండర్డైజ్డ్: 4.5, 8.5. నారింజ ఫుల్ క్రీమ్: 6, 9. మెజెంటా రంగుది డబుల్ టోన్డ్: 1.5, 9. వీటి మధ్యలో ఊదా రంగు డిలైట్ ఉంది, దానిలో కొవ్వు 3.5 శాతం. 2023 నవంబరులో ఆకుపచ్చను తగ్గించి ఊదాను ముందుకు తెచ్చే ప్రయత్నం జరిగినప్పుడు చెన్నైలో పెద్ద గొడవే అయింది. ఒక్క శాతం కొవ్వు కోసం ఈ ఊరు ఎంత పట్టుబడుతుందో అప్పుడు తెలిసింది. టోన్డ్, స్టాండర్డైజ్డ్, ఫుల్ క్రీమ్, డబుల్ టోన్డ్ అన్న పేర్లకు కనీస అంకెలు కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టినవి. హెరిటేజ్, తిరుమల, దొడ్ల, ఆరోక్య, ఏది కొన్నా స్టాండర్డైజ్డ్ అని ఉంటే 4.5, 8.5 ఉండి తీరాలి. ముందువైపు గోల్డ్ అనో స్పెషల్ అనో రాసుంటే దాన్ని వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉన్న ఆ రెండు అంకెలే చదవండి.

రెండో అంకెను చాలామంది అసలు చూడరు. పిల్లల విషయంలో అసలు సంగతంతా అక్కడే ఉంది. ప్రొటీన్, కాల్షియం, పాలచక్కెర, బి విటమిన్లు ఉండేది ఆ కొవ్వు కాని భాగంలోనే. 200 మి.లీ. గ్లాసులో 6 నుంచి 7 గ్రాముల ప్రొటీన్, 235 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటాయి. నీలమైనా నారింజైనా ఈ లెక్కలో పెద్ద తేడా రాదు. మెజెంటాలో ఈ భాగం 9 శాతం కాబట్టి నీలం, ఆకుపచ్చల కంటే ప్రొటీన్ పిసరంత ఎక్కువే. "పల్చటి పాలలో బలం లేదు" అన్న మాట అందుకే సగమే నిజం. తగ్గేది శక్తి, రుచి, కొవ్వుతో పాటు ఉండే ఎ, డి విటమిన్లు. ఎముకకు కావలసిన సరుకు ఎక్కడికీ పోదు.

కొవ్వు తేడా మాత్రం గట్టిదే. అదే 200 మి.లీ. గ్లాసులో మెజెంటాతో 3 గ్రాములు, నీలంతో 6, ఆకుపచ్చతో 9, నారింజతో 12 గ్రాముల కొవ్వు లోపలికి వెళుతుంది. కేలరీల్లో చెప్పాలంటే సుమారు 95, 120, 150, 180. రోజుకు రెండు గ్లాసులు తాగే పిల్లకు నారింజకూ నీలానికీ మధ్య 120 కేలరీల తేడా. బక్కగా ఉండి అన్నం దగ్గర మొరాయించే పిల్లకు ఆ 120 అక్కరకొస్తాయి. బడి నుంచి రాగానే చిప్స్ ప్యాకెట్ విప్పి ట్యాబ్ ముందు కూర్చునే పిల్లకు అవే భారం.

ఇప్పుడు అమెరికా సంగతి, ఎందుకంటే అక్కడి లెక్క తెలిస్తే మన వంటింటి లెక్క తేలిక. 2010లో వచ్చిన చట్టం ఆధారంగా 2012-13 విద్యాసంవత్సరం నుంచి బడి భోజనంలో కొవ్వు తీసేసిన పాలు, లేదా 1 శాతం పాలు మాత్రమే ఇవ్వాలన్నారు. కారణం పాల మీద కోపం కాదు, పళ్ళెం లెక్క. చిన్న తరగతుల మధ్యాహ్న భోజనానికి 550 నుంచి 650 కేలరీలు. అందులో సంతృప్త కొవ్వు (వెన్న, నెయ్యిల్లో ఎక్కువగా ఉండే రకం) నుంచి వచ్చేవి 10 శాతం లోపు ఉండాలి, అంటే 600 కేలరీల భోజనానికి 6.7 గ్రాములు. ఒక కప్పు హోల్ మిల్క్‌లోనే 4.5 గ్రాములు ఉంటుంది. పాలకే మూడింట రెండు వంతులు పోతే చీజ్‌కీ మాంసానికీ చోటు మిగలదు. 1 శాతం పాలైతే 1.5 గ్రాములతో సరిపోతుంది. ఇక కొత్త చట్టం చేసిందేమిటంటే హోల్ మిల్క్‌ను, 2 శాతం పాలను మళ్ళీ అనుమతించి, పాలలోని కొవ్వును ఆ సంతృప్త కొవ్వు లెక్కలోంచే తీసేసింది. తప్పనిసరిగా ఇవ్వాలని కాదు, ఇవ్వొచ్చని మాత్రమే.

ఆంక్ష పెట్టినప్పుడు అనుకోనిది ఒకటి జరిగింది. రుచి లేని పాలను పిల్లలు చెత్తబుట్టలో పోశారు, లేదంటే చాక్లెట్ పాల వైపు మళ్ళారు. కొవ్వు తీసి చక్కెర పోసినట్టయింది. చివరికి దానికీ హద్దు పెట్టాల్సి వచ్చింది: 2025-26 నుంచి రుచి కలిపిన 240 మి.లీ. పాలలో చేర్చిన చక్కెర 10 గ్రాములు మించకూడదు. మన ఇళ్ళలో ఈ రెండో సగం తప్పు రోజూ జరుగుతోంది, దాని దగ్గరికి మళ్ళీ వద్దాం.

హోల్ మిల్క్ తాగే పిల్లలు లావెక్కరన్న వాదనకు ఆధారంగా చూపేది 2020లో కెనడా పరిశోధకులు చేసిన విశ్లేషణ. 28 అధ్యయనాలు చూశారు. హోల్ మిల్క్ తాగే పిల్లల్లో అధిక బరువు తక్కువగానే కనిపించింది. అయితే అవన్నీ గమనించి రాసుకున్న అధ్యయనాలు, పిల్లల్ని రెండు గుంపులుగా విడదీసి చేసిన ప్రయోగం ఒక్కటీ లేదు. ఇప్పటికే లావుగా ఉన్న పిల్లకు తల్లి పల్చటి పాలు ఇచ్చి ఉండొచ్చు కదా, సన్నగా ఉన్నవాడికి చిక్కటివి ఇచ్చి ఉండొచ్చు కదా? అప్పుడు కారణమేది, ఫలితమేది? హోల్ మిల్క్ హానికరం కాదని చెప్పడానికి ఆ విశ్లేషణ ఊతమిస్తుంది. 6 శాతం పాలు పట్టండని చెప్పడానికి ఇవ్వదు.

మన అంకెలకు వద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం 7 నుంచి 9 ఏళ్ళ పిల్లకు రోజుకు సుమారు 1700 కేలరీలు, 23 గ్రాముల ప్రొటీన్, 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 10 నుంచి 12 ఏళ్ళకు కాల్షియం 850కి పెరుగుతుంది. 1700 కేలరీల్లో సంతృప్త కొవ్వుకు 10 శాతం హద్దు అనుకుంటే రోజుకు 19 గ్రాములు. పాల కొవ్వులో సంతృప్తం 60 శాతానికి కాస్త పైనే. రెండు గ్లాసుల నారింజ పాలతోనే 15 గ్రాములు అయిపోతాయి. ఆ పైన ఇడ్లీ పొడిలో నెయ్యి, పప్పులో నెయ్యి, సాయంత్రం బిస్కెట్లు. ఆకుపచ్చతో పదకొండున్నర, నీలంతో ఎనిమిది లోపు. కాల్షియం మాత్రం ఏ రంగుతోనైనా 470 దగ్గర్లోనే వస్తుంది, అంటే రోజు అవసరంలో 70 శాతం.

ఇదంతా ప్యాకెట్ మీది లెక్క. పిల్ల గ్లాసులోకి వచ్చేసరికి వంటింట్లో రెండు పనులు జరుగుతాయి, రెండూ ఆ లెక్కను తారుమారు చేసేవే.

ఒకటి మీగడ తీయడం. నారింజ పాలు లీటరు కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పైన కట్టిన మీగడను నెయ్యి డబ్బాలోకి తీసేస్తారు. లీటరులో ఉన్నది 62 గ్రాముల కొవ్వు. 50 గ్రాముల మీగడ తీశారనీ, అందులో 20 గ్రాముల కొవ్వు ఉందనీ అనుకుంటే మిగిలిన పాలలో ఉండేది 4.3 శాతం. అంటే నారింజ ధర పెట్టి కొని పిల్లకు ఆకుపచ్చే తాగిస్తున్నారు. నెయ్యి కోసమైతే అది మీ లెక్క, తప్పు పట్టేదేం లేదు. "మా వాడికి ఫుల్ క్రీమే పడుతున్నాం" అని మాత్రం అనుకోకండి. ప్యాకెట్ మీద హోమోజనైజ్డ్ అని ఉంటే కొవ్వు పాలంతా కలిసిపోయి ఉంటుంది. కాచినప్పుడు పల్చటి తెట్టె తప్ప గట్టి మీగడ కట్టదు. మీగడ రావడం లేదు కాబట్టి కల్తీ అని బూత్‌వాడితో తగువు పెట్టుకునేముందు ఆ మాట ఉందో లేదో చూడండి.

రెండోది నీళ్ళు. చిక్కగా ఉన్నాయి, పిల్లకు అరగవని లీటరు నారింజలో మూడో వంతు లీటరు నీళ్ళు పోస్తారు. కొవ్వు 6 నుంచి 4.5కి దిగుతుంది, బాగానే ఉంది. దానితోపాటే 9 శాతం ఉన్న రెండో అంకె 6.75కి పడిపోతుంది. ప్రొటీన్‌లోనూ కాల్షియంలోనూ నాలుగో వంతు పోయినట్టే, అదీ ఎక్కువ ధర పెట్టి కొన్న పాలలో. కొవ్వు తగ్గించాలనుకుంటే ప్యాకెట్ రంగు మార్చండి, పాలలో నీళ్ళు పోయకండి. డెయిరీలో టోన్డ్ పాలు తయారు చేసేటప్పుడు కొవ్వు తగ్గించినా రెండో అంకెను నిలబెడతారు. 1946లో బొంబాయిలో డెయిరీ నిపుణుడు ఖురోడీ మొదలుపెట్టిన పద్ధతి అదే: కొవ్వెక్కువ ఉన్న గేదె పాలలో నీళ్ళూ, వెన్న తీసిన పాలపొడీ కలపడం. వంటింటి గిన్నెలో ఆ పాలపొడి ఎవరు కలుపుతారు?

గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చినవాళ్ళకు చెన్నై పాలు మొదట్లో రుచించవు. అక్కడ నాలుకకు అలవాటైనవి గేదె పాలు. తమిళనాడులో సేకరించేవి ఎక్కువగా సంకర జాతి ఆవుల పాలు. సహజంగానే కొవ్వు తక్కువ, రంగులో పసుపు ఛాయ. ఆ ఛాయ చూసి ఏదో కలిపారని అనుకోవద్దు. ఆవుపాలలోని కెరోటిన్ రంగు అది.

ఇక ఒక్కో ప్యాకెట్ గురించి మా అభిప్రాయం. ఆకుపచ్చకు మొదటి స్థానం. ఏడాది దాటినప్పటి నుంచి అయిదారేళ్ళ దాకా, ఆ తరవాత కూడా ఆడుతూ పాడుతూ తిరిగే మామూలు బరువు పిల్లలకు ఇది సరిపోతుంది. తాగేటప్పుడు నాలుకకు రుచి తెలుస్తుంది, పెరుగు కుదురుగా తోడుకుంటుంది, రోజుకు రెండు గ్లాసులైనా కొవ్వు హద్దు దాటదు. ఏడాదిలోపు బిడ్డకు ఏ రంగు ప్యాకెట్టూ తాగించకూడదు, ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య మెజెంటా వద్దు. ఆ వయసులో మెదడు పెరుగుదలకు కొవ్వు కావాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఆ ఏడాదికి హోల్ మిల్క్‌నే చెబుతుంది, తక్కువ కొవ్వు పాలు రెండేళ్ళ తరవాతే.

నీలానికి ఉన్న చెడ్డపేరు అన్యాయం. ఇంట్లో నెయ్యి, గుడ్లు, వేరుశనగలు బాగా వాడేవాళ్ళకు, ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ఇది నిక్షేపంలాంటి పాలు. ధరలోనూ తక్కువ. దీని బలహీనత పెరుగు దగ్గర బయటపడుతుంది: పల్చగా తోడుకుని, గరిటె పెట్టగానే నీరు తేలుతుంది. ఊదా రుచిలో నీలానికి కాస్త మెరుగు, అంతే; మీ వీధి బూత్‌లో ఆకుపచ్చ అయిపోయిన రోజున తీసుకోండి.

నారింజ పిల్లల ప్యాకెట్ కాదు, కాఫీ ప్యాకెట్. 2022 నవంబరులో దీని ధర ఒక్కసారిగా లీటరుకు 12 రూపాయలు పెంచి 60 చేశారు. అప్పట్లో ఆకుపచ్చ 44, నీలం 40. ఇప్పటి ధర ప్యాకెట్ మీద చూసుకోండి. ఆకుపచ్చతో ఆనాటి తేడా లెక్కేసినా లీటరుకు 16 రూపాయలు, దానితో రెండు గుడ్లు వస్తాయి. రెండు గుడ్లంటే 12 గ్రాముల ప్రొటీన్. పిల్ల బరువు పెరగడం లేదని డాక్టర్ చెప్పినప్పుడు కొన్ని నెలలపాటు నారింజ వాడటంలో అర్థముంది. అలా చెప్పకుండా "ఎందుకైనా మంచిది" అని వాడటంలో లేదు.

మెజెంటాను బరువు ఎక్కువున్న పదేళ్ళ పిల్లకు డాక్టర్ సలహాతో వాడొచ్చు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, కొవ్వు లేక రుచి తగ్గి, దాన్ని పూడ్చడానికి మీరే చెంచాలకు చెంచాలు చక్కెర వేస్తే, అమెరికా బడుల్లో జరిగిన కథే మీ వంటింట్లో జరుగుతుంది.

కొవ్వు తగ్గించిన పాలలో ఎ, డి విటమిన్లు కూడా తగ్గుతాయి కాబట్టి వాటిని మళ్ళీ కలిపే పద్ధతి ఉంది. నీలి రంగులో ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే కలిపారని అర్థం. లీటరుకు 5 నుంచి 7.5 మైక్రోగ్రాముల డి విటమిన్ ఉండాలన్నది ప్రమాణం. రెండు గ్లాసులకు 2 నుంచి 3 మైక్రోగ్రాములు; రోజు అవసరం 15. పాలు తాగుతున్నాం కాబట్టి డి విటమిన్ లోటు రాదనుకోవడం అంకెలకు నిలవదు, ఎండ తగలాల్సిందే.

పొడుల సంగతి. గ్లాసు పాలలో 20 గ్రాముల మాల్ట్ పొడి వేస్తారు. డబ్బా వెనక 100 గ్రాములకు చేర్చిన చక్కెర 35 గ్రాములని ఉంటే, ఆ గ్లాసులోకి 7 గ్రాములు వెళ్ళినట్టు. పైన అలవాటుగా ఒక చెంచా చక్కెర, మరో 5. రెండు పూటలా కలిపి 24 గ్రాములు. చక్కెర రోజు కేలరీల్లో 5 శాతం దాటకూడదన్న హద్దు పెట్టుకుంటే 1700 కేలరీల పిల్లకు దక్కేది 21 గ్రాములే. పాలతోనే హద్దు దాటేశాం, చాక్లెట్టూ కేకూ ఇంకా లెక్కలోకే రాలేదు. కొవ్వు 3 శాతమా 4.5 శాతమా అని కొట్టుకునే ఇల్లు ఈ 24 గ్రాముల్ని చూడకపోవడం విడ్డూరం. ఇలాంటి పొడులను ఆన్‌లైన్ దుకాణాలు హెల్త్ డ్రింక్ అన్న విభాగంలో పెట్టి అమ్మొద్దని కేంద్రం 2024 ఏప్రిల్‌లోనే చెప్పింది. మాన్పించడానికి ఒక్కరోజులో డబ్బా పారేయకండి, పిల్ల పాలే మానేస్తుంది. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి, నెలకు నాలుక సర్దుకుంటుంది. రాగి పిండి 10 గ్రాములు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి నాలుగైదు నిమిషాలు ఉడికించి, దించాక పాలు కలిపితే జావ చిక్కగా ఉంటుంది, కాల్షియం మరో 35 మిల్లీగ్రాములు తోడవుతుంది. బెల్లం వేస్తే మరుగుతున్నప్పుడు వేయకండి, దించి కాస్త చల్లారాక వేయండి. లేకపోతే పాలు విరిగిపోతాయి. చక్కెర లెక్కలో బెల్లం కూడా చక్కెరే, అది మరిచిపోవద్దు.

సీసాల్లో వచ్చే బాదం పాలు, చాక్లెట్ పాలు పాలకు బదులు కావు. ఎప్పుడైనా ఒకసారి తాగే తీపి వస్తువులు, అంతవరకే.

ఎంత తాగాలన్నది ఏ రంగన్నదానికంటే పెద్ద ప్రశ్న. రోజుకు 400 మి.లీ. చాలు, పెరుగుతో కలిపి 500 దాటొద్దు. అంతకు మించితే కడుపు నిండిపోయి అన్నం, కూర తినరు. పాలలో ఇనుము దాదాపు లేదు, పైగా పాలలోని కాల్షియం పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత ఉంది. అన్నం తినడం లేదని లీటరు పాలు పట్టడం ఆ సమస్యకు ఎరువు వేసినట్టే. భోజనానికీ పాలకూ మధ్య గంటన్నర ఎడం ఉంచండి. ఇనుము మందు వాడుతుంటే పాలతో అసలు వేయొద్దు.

చెన్నై ప్రభుత్వ బడుల్లో పాలు ఇవ్వరు. 1920లో మద్రాసు నగరసభ థౌజండ్ లైట్స్ బడిలో భోజనం మొదలుపెట్టింది మన తెలుగువాడైన పిట్టి త్యాగరాయ శెట్టి అధ్యక్షుడిగా ఉన్నప్పుడే, టీ నగర్ అంటే ఆయన పేరే. 1982లో ఎంజీఆర్ పథకం, 2022లో ఉదయం అల్పాహారం పథకం దాకా ఆ దారి సాగింది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. పాలు మాత్రం ఇంటి బాధ్యతే. పక్కన కర్ణాటకలో 2013 నుంచి క్షీరభాగ్య కింద బడిలోనే పాలపొడితో కలిపిన 150 మి.లీ. వేడి పాలు ఇస్తున్నారు.

అలాగని బడికి సీసాలో పాలు పంపకండి. చెన్నై ఎండకు మూడు నాలుగు గంటల్లో పులుస్తాయి. పాలను పంపే పద్ధతి మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, పెరుగన్నం. కప్పు అన్నం మెత్తగా వండి చిదిమి, ముప్పావు కప్పు గోరువెచ్చటి ఆకుపచ్చ పాలు పోసి, పెద్ద చెంచాడు తియ్యటి పెరుగు కలిపి ఏడింటికి డబ్బాలో పెడితే మధ్యాహ్నానికి డబ్బాలోనే తోడుకుంటుంది. ఏప్రిల్, మేలో తోడు సగానికి తగ్గించండి, డిసెంబరులో కాస్త పెంచండి. పుల్లబడిందంటే తోడు ఎక్కువైంది. పాలపాలుగానే ఉండిపోయిందంటే అన్నం మరీ వేడిగా ఉన్నప్పుడు పెరుగు వేశారు, తోడు చచ్చిపోయింది. వేలు పెట్టి పది లెక్కపెట్టేంతసేపు ఉంచగలిగితే అది సరైన వేడి. డబ్బా అంచుదాకా నింపితే మూత తీయగానే ఒలికి పుస్తకాల సంచి పాడవుతుంది, వేలెడు ఖాళీ ఉంచండి. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చే పిల్లలకు కూడా పెరుగన్నం చాలాసార్లు ఇబ్బంది చేయదు, పాలచక్కెరలో కొంత తోడు తినేస్తుంది కాబట్టి.

కాచడం గురించి కొంచెం. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ అయ్యే వస్తాయి, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. చల్లదనం చెదరకుండా ఉంటే కాచనక్కర్లేదు. కానీ తెల్లవారుజామున దించిన క్రేట్లు దుకాణం మెట్ల మీద ఎంతసేపు ఉన్నాయో, మీ గేటుకు వేలాడే సంచిలో ప్యాకెట్ ఎంతసేపు ఉందో ఎవరికీ తెలియదు, అందుకే కాచండి. ఒక్కసారే. గిన్నె అడుగున రెండు చెంచాల నీళ్ళు ముందు పోస్తే అంటుకోదు. పొంగు వచ్చాక సెగ తగ్గించి రెండు నిమిషాలు కలుపుతూ ఉంచి, నీళ్ళ పళ్ళెంలో చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లోకి. పూటపూటకీ మొత్తం గిన్నె మరిగించొద్దు, బి విటమిన్లు తగ్గుతాయి. కావలసినంతే గ్లాసులోకి తీసి వేడి చేయండి. ప్యాకెట్ మీద అనుమానముంటే చెంచాడు పాలు విడిగా కాచి చూడండి. విరిగితే అరలీటరే పోతుంది, నిన్నటి మంచి పాలలో కలిపేసి ఉంటే అవీ పోతాయి. చింతపండు, నిమ్మ తగిలిన గిన్నె అరకొరగా కడిగినా పాలు విరుగుతాయి, అది పాల తప్పు కాదు. కొనేటప్పుడు ప్యాకెట్‌ను చేత్తో నొక్కి మూలలు చూడండి. సూది మొనంత కన్నమున్నా సంచిలో అంతా కారి, మిగిలినవి సాయంత్రానికి పులుస్తాయి. తేదీ ముద్ర చెరిగిపోయిన ప్యాకెట్ తిరిగి ఇచ్చేయండి.

ఒకే ఇంట్లో ఒకే రంగు కొనాలన్న నియమం లేదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఆకుపచ్చ అరలీటరు ప్యాకెట్లు రెండు: ఒకటిన్నర తాగడానికి, మిగిలిన సగం పెరుగుకు. పెద్దల టీకి, మజ్జిగకు నీలం ఒకటి. ఫిల్టర్ కాఫీ నారింజతోనే కావాలని తాతగారు పట్టుబడితే ఆయనకు ఒక అరలీటరు విడిగా తెప్పించండి, మిగిలినవి పిల్లల గ్లాసులో పోయకుండా మర్నాటి పెరుగుకు తోడు పెట్టండి. నెలవారీ కార్డుతో తెప్పించుకుంటుంటే రంగు మార్పు కార్డు కొత్తగా తీసుకునేటప్పుడే చెప్పుకోవాలి, మధ్యలో మార్చమంటే బూత్‌లో మిగిలిందే చేతికొస్తుంది.